రాగికి సూది బెజ్జం

స్నానానికి నీళ్లు కాచే రాగి బాయిలరు చాలామందికి తెలుసు. దాని నడుమ ఒక గొట్టం ఉంటుంది. అదీ రాగిదే. గొట్టంలో నిప్పు వేస్తారు. బొగ్గులు, పుల్లలు, కొబ్బరి చిప్పలు, ఏవి దొరికితే అవి వేస్తారు. గొట్టం చుట్టూ నీళ్లు ఉంటాయి. నిప్పు వేడికి నీళ్లు కాగుతాయి. బూడిద కిందికి రాలుతుంది. పొగ పైకి పోతుంది. కుళాయి తిప్పితే వేడినీళ్లు వస్తాయి.

చాలా ఇళ్లల్లో ఇది పుట్టింటి నుంచి సారెతో వచ్చిన సామాను. ఏళ్ల తరబడి పనిచేస్తుంది. ఒకరోజు నిప్పు రాజేస్తే చుయ్‌మని చప్పుడొస్తుంది. బొగ్గులు నల్లబడిపోతాయి. బూడిద తడిగా ముద్దకడుతుంది. నడుమ గొట్టానికి ఎక్కడో చిల్లు పడిందన్నమాట. వెతికితే కనపడదు. చిల్లు సూదిమొన అంతే ఉంటుంది.

మాట్లు వేసే ఆయన వీధిలోకి వస్తాడు. ఇల్లాలు బాయిలరు తెచ్చి ముందు పెడుతుంది.

"ఏం బాబాయ్! పోయిన సంక్రాంతికే గదా మాటు వేశావు. అప్పుడే మళ్లీ కారుతోందే?"

"నేను వేసిన మాటు చూడమ్మా. చెక్కు చెదరలేదు. నీళ్లు అక్కడినుంచి రావడం లేదు. ఇదిగో, రెండు వేళ్ల అవతలినుంచి వస్తున్నాయి."

"అంటే ఇంకో చిల్లా?"

"ఇంకోటే. దీన్నీ మూస్తాను. వచ్చే ఏడు మళ్లీ పిలుస్తావు."

ఆయన చెప్పింది నిజం. మాటు చిల్లును మూస్తుంది. చిల్లు ఎందుకు పడిందో ఆ కారణం మాత్రం లోపల అలాగే ఉంటుంది. అందుకే ఒక చిల్లు పక్కన ఇంకో చిల్లు పడుతుంది. డబ్బులు పోతూనే ఉంటాయి.

బాయిలరుకే కాదు, వేడినీళ్లు పారే రాగి గొట్టం ఎక్కడున్నా ఈ జబ్బు వస్తుంది. మిద్దె మీద పెట్టే సోలార్ హీటర్లలో ఒక రకానికి పలక కింద రాగి గొట్టాలుంటాయి. గ్యాస్ గీజర్లలో రాగి చుట్టలుంటాయి. కొన్ని ఆసుపత్రుల్లో, హోటళ్లలో గోడల వెంట రాగి గొట్టాలు వేస్తారు. అమెరికా, ఇంగ్లండు దేశాల్లో ఇళ్లకే రాగి గొట్టాలు వేయడం ఎప్పటినుంచో అలవాటు. బకెట్లో పెట్టి నీళ్లు కాచే కరెంటు రాడ్డు కూడా చాలావాటిల్లో రాగి గొట్టమే. ఆ రాడ్డుకు పడే బెజ్జం అన్నిటికంటే చెడ్డది. నీళ్లు పోవడంతో అది ఆగదు. ప్రాణం మీదికి వస్తుంది. దాని సంగతి తర్వాత వివరంగా ఉంది.

రాగికి ఒక తోలు ఉంది

కొత్త రాగి చెంబు తళతళలాడుతుంది. నాలుగు రోజులు నీళ్లు పోసి ఉంచితే మెరుపు తగ్గుతుంది. ఎర్రమట్టి రంగు వస్తుంది. చెంబు పాడైందని చాలామంది అనుకుంటారు. పాడవలేదు. గాలిలో ఉండే ప్రాణవాయువు నీళ్లలో కూడా కొంచెం కలిసి ఉంటుంది. అది రాగితో కలిసి పలచని పొర కడుతుంది. ఆ పొర రాగికి తోలు లాంటిది. ఒంటిని తోలు కాపాడినట్టు, రాగిని ఆ పొర కాపాడుతుంది. పొర అన్నిచోట్లా ఒకే తీరుగా ఉంటే రాగి గొట్టం యాభై ఏళ్లయినా ఉంటుంది.

పొర ఒకచోట సరిగా కట్టలేదనుకోండి. లేదా కట్టిన పొర ఒకచోట తెగిందనుకోండి. అక్కడ రాగి నీళ్లలోకి కరగడం మొదలుపెడుతుంది. కరిగిన రాగిలో కొంత అక్కడే పేరుకుంటుంది. చిన్న ఆకుపచ్చ పొక్కులా కనిపిస్తుంది. దాన్నే చిలుము అంటారు. కొన్నిచోట్ల కిలుము అంటారు.

పొక్కు పైకి చిన్నదే. అసలు పని దాని కింద జరుగుతుంది. పొక్కు కింద గుంట పడుతుంది. పొక్కు మూతలా ఉండటం వల్ల గుంటలోని నీళ్లు బయటి నీళ్లతో సరిగా కలవవు. నీళ్లలోని ఉప్పు గుంటలోకి చేరుతుంది. అక్కడి నీళ్లు పులుపెక్కుతాయి. పులుపుకు రాగి ఇంకా కరుగుతుంది. కరిగేకొద్దీ పులుపు ఇంకా పెరుగుతుంది. గుంట పక్కలకు పెద్దగా పాకదు. లోతుకే పోతుంది. ఒకరోజు గోడ అవతలికి పొడుచుకొస్తుంది.

చీర కట్టగా కట్టగా అంతా పలచబడుతుంది. అది ఒక రకం అరుగుదల. అదే పెట్టెలోని పట్టుచీరకు చిమట కొడితే? చీరంతా కొత్తగానే ఉంటుంది. అక్కడక్కడా చిల్లులుంటాయి. రాగికి పట్టేది ఈ రెండో రకం జబ్బు. అందుకే చిల్లు పడిన గొట్టాన్ని కోసి చూస్తే మిగతా గోడంతా గట్టిగానే ఉంటుంది.

ఇంకో సంగతి. బయట బెజ్జం సూదిమొన అంతే ఉన్నా లోపలివైపు గుంట దానికంటే వెడల్పుగా ఉంటుంది. పుచ్చిన పన్ను పైకి నల్ల చుక్కలా కనిపించి లోపల గుల్లగా ఉన్నట్టే. అసలు ఈ గొట్టాల గోడ ఎంత మందమని? వేలెడు లావు రాగి గొట్టాలు చాలావాటికి గోడ ఒక మిల్లీమీటరు లోపే. గుంటకు పెద్ద దూరం లేదు.

ఆ పొరను చెడగొట్టేవి ఏమిటి?

మొదటిది నీళ్లే. అన్ని నీళ్లూ ఒకటి కావు. కొన్ని బోర్ల నీళ్లలో బొగ్గుపులుసు గాలి కలిసి ఉంటుంది. సోడాలో బుస్సుమనేది ఆ గాలే. అలాంటి నీళ్లకు కొంచెం పులుపు గుణం ఉంటుంది. నాలుకకు తెలియదు. రాగికి తెలుస్తుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ ఉప్పు గుంటను లోతు చేస్తుంది. బాగా మెత్తని నీళ్లు, అంటే సబ్బు ఇట్టే నురగ వచ్చే నీళ్లు, పులుపు గుణంతో ఉండి బాగా వేడెక్కితే అవీ రాగిని గుంటలు పెడతాయి. ఇది ముఖ్యంగా 60 డిగ్రీలు దాటిన వేడినీళ్లకు వచ్చే జబ్బు.

గట్టి నీళ్ల సంగతి వేరు. సబ్బు నురగ రాని నీళ్లను గట్టి నీళ్లు అంటారు. వాటిని కాస్తే తెల్లగా సున్నంలాంటి గార పడుతుంది. సన్నగా, సమానంగా పడితే గార రాగికి కొంత రక్షణే. అది ఎప్పుడూ సమానంగా పడదు. ఒకచోట పెచ్చులు కడుతుంది, ఒకచోట ఊడుతుంది. పెచ్చు కింద నీళ్లు కదలకుండా నిలుస్తాయి. గుంట పడటానికి అదే చోటు. పైగా గార మందంగా ఉంటే వేడి నీళ్లకు సరిగా తగలదు. పుల్లలు ఎక్కువ కాలతాయి, గొట్టం మాత్రం మితిమీరి వేడెక్కుతుంది.

రెండోది అడుగున చేరే మట్టి. మోటారు వేసినప్పుడు సన్న ఇసుక వస్తుంది. పాత ఇనప గొట్టాల నుంచి తుప్పు రజను వస్తుంది. బాయిలరు అడుగున, గొట్టం వంపుల్లో అవి కూర్చుంటాయి. మట్టి కింద రాగికి ప్రాణవాయువు సరిగా అందదు. పొర కట్టదు. అందుకే చిల్లులు చాలాసార్లు అడుగు భాగంలోనే పడతాయి.

మూడోది నిలవ నీళ్లు. పండక్కి వచ్చిన చుట్టాల కోసం బాయిలరు తీస్తారు. వాళ్లు వెళ్లాక సగం నీళ్లతో అలాగే మూల పెడతారు. మళ్లీ మూడు నెలలకు తీస్తారు. రోజూ వాడే బాయిలరు కంటే ఇలా మూల పడిన బాయిలరే తొందరగా పాడవుతుంది. చాలామంది దీన్ని నమ్మరు. "వాడనే లేదు, ఎలా చిల్లు పడింది?" అంటారు. వాడకుండా తడిగా ఉంచినందుకే పడింది.

నాలుగోది నిప్పులో వేసే చెత్త. తొందరగా అంటుకుంటుందని ప్లాస్టిక్ కవర్లు, వైరు ముక్కలు, పాత చెప్పులు బాయిలరులో వేస్తారు. వైర్ల మీద ఉండే ప్లాస్టిక్ చాలావరకు పి.వి.సి. రకం. అది కాలితే యాసిడ్ పొగ వస్తుంది. ఆ పొగ తడి తగిలి గొట్టానికి అంటుకుంటే రాగిని తినేస్తుంది. పీల్చిన మనిషికీ మంచిది కాదు. బూడిదను రోజుల తరబడి తీయకపోవడం కూడా ఇలాంటిదే. తడిసిన బూడిద గొట్టానికి అతుక్కుని దాని కింద గుంటలు పడతాయి.

పశువుల కొట్టంలో బాయిలరు పెట్టడం కూడా మంచిది కాదు. పశువుల మూత్రం నుంచి అమ్మోనియా అనే ఘాటు గాలి వస్తుంది. అది రాగికీ, ఇత్తడికీ పడదు. దీనికి పాత కథ ఒకటుంది. బ్రిటిషు వాళ్ల కాలంలో మన దేశంలో సైన్యం వాళ్లు వానాకాలం తూటాలను గుర్రపుశాలల్లో దాచేవారు. తూటాల ఇత్తడి గొట్టాలు వాటంతట అవే పగిలేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియాయే కారణమని 1921లో తేలింది. బాయిలరుకు ఉండే కుళాయి కూడా ఇత్తడిదే కదా.

పని చేసేవాళ్ల తప్పులు కూడా ఉంటాయి. గొట్టం కోసినప్పుడు అంచున రజను నిలుస్తుంది. దాన్ని ఆకురాయితో నున్నగా తీసేయాలి. తీయకపోతే అక్కడ నీళ్లు సుడి తిరుగుతాయి. సుడికి పొర చెదిరిపోతుంది. అతుకు పెట్టేటప్పుడు పూసే పేస్టులో రాగిని తినే గుణం ఉంటుంది. ఎక్కువ పూసి, తర్వాత కడగకుండా వదిలేస్తే లోపల జారిన చోటల్లా చారగా గుంటలు పడతాయి. హోటళ్లలో మోటారు పెట్టి వేడినీళ్లను రాత్రింబవళ్లు గొట్టాల్లో తిప్పుతారు. నీళ్లు మరీ జోరుగా పోతే వంపుల దగ్గర పొర కొట్టుకుపోతుంది. అలా పడిన గుంటలు గుర్రపు డెక్క గుర్తుల్లా ఉంటాయి. వేడినీళ్లు సెకనుకు ఐదు అడుగుల కంటే జోరుగా పోకూడదని గొట్టాల పనివాళ్ల లెక్క. 60 డిగ్రీలు దాటిన నీళ్లయితే రెండు మూడు అడుగులే.

ఒక రాష్ట్రమే తల పట్టుకుంది

ఇది పల్లెటూరి బాయిలర్ల బాధ మాత్రమే కాదు. అమెరికాలో వాషింగ్టన్ నగరం పక్కన మేరీల్యాండ్ అనే రాష్ట్రం ఉంది. తెలుగువాళ్లు కూడా చాలామంది ఆ చుట్టుపక్కల ఉంటున్నారు. అక్కడ 2000 ప్రాంతంలో ఇళ్ల రాగి గొట్టాలకు వరసగా సూది బెజ్జాలు పడటం మొదలైంది. అవి ఎక్కువగా చన్నీళ్ల గొట్టాలు. గోడలు నాని, పైకప్పుల్లో తడి మరకలు కట్టాయి. ఒకసారి బాగుచేయిస్తే ఇంకోచోట కారేది. బాయిలరు ఇల్లాలి కథే అక్కడా నడిచింది.

ఒక్క ఇంటి తప్పు అయితే ఒక్క ఇంటికే వస్తుంది. వేల ఇళ్లకు వస్తే నీళ్లను చూడాల్సిందే. 2003లో అక్కడి నీటి సంస్థ నీళ్లలో ఫాస్ఫేటు అనే మందు కొద్దిగా కలపడం మొదలుపెట్టింది. అది గొట్టం లోపల సన్నని పొర కడుతుంది. రాగి తోలుకు పైన ఇంకో తోలు తొడిగినట్టు. 2004లో ఆ రాష్ట్రం ఈ బెజ్జాల సంగతి తేల్చడానికి ప్రత్యేకంగా ఒక సంఘాన్నే వేసింది. మన ఇళ్లల్లో ఆ మందు ఎవరూ సొంతంగా కలపకూడదు. పాళ్లు చూసి కలపడం నీటి సంస్థల పని.

ఊరి నీళ్లు ఎలాంటివో తెలుసుకోవచ్చు

ఇది ఇప్పుడు అంత కష్టం కాదు. 2019లో జల్ జీవన్ మిషన్ మొదలైంది. దాని కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష నేర్పించాలని పెట్టారు. చిన్న పెట్టెలో మందు సీసాలు, రంగుల కాగితం ఉంటాయి. నీళ్లలో మందు చుక్కలు వేస్తారు. వచ్చిన రంగును కాగితం మీది రంగుతో పోల్చి అంకె చదువుతారు. పంచాయతీలో అడిగితే ఆ పెట్టె ఎవరి దగ్గరుందో చెబుతారు. గ్రామీణ నీటి సరఫరా శాఖ వారి ల్యాబుల్లోనూ పరీక్ష చేస్తారు.

రాగి కోసం చూడాల్సిన అంకెలు మూడు. ఒకటి పి.హెచ్. ఇది పులుపు లెక్క. 7 అంటే పులుపూ కాదు, కారమూ కాదు. 7కు తగ్గేకొద్దీ పులుపు. తాగే నీళ్లకు ఇది 6.5కూ 8.5కూ నడుమ ఉండాలని మన దేశపు ప్రమాణం. తాగడానికి 6.5 సరిపోయినా, వేడినీళ్ల రాగి గొట్టానికి 7 కంటే తక్కువ మంచిది కాదు. రెండోది క్లోరైడు. ఇది ఉప్పు లెక్క. లీటరుకు 250 మిల్లీగ్రాముల లోపు మేలు. వేరే నీళ్లు దొరక్కపోతే 1000 వరకు ఒప్పుకుంటారు. మూడోది గట్టిదనం. లీటరుకు 200 లోపు మేలు. 600 దాటకూడదు. ఊరి బోరు అంకె 500 ఉంటే సోలార్ హీటర్ కొనే ముందు ఆ అంకె అంగడివాడికి చెప్పాలి. గట్టి నీళ్ల కోసం వేరే రకం హీటర్లున్నాయి. వాటిల్లో రాగి గొట్టాల్లో తిరిగే నీళ్లు వేరు, ఒంటికి పోసుకునే నీళ్లు వేరు. గాజు గొట్టాల రకం ఇంకొకటి ఉంది. చెప్పకపోతే అంగడివాడు తన దగ్గర ఉన్నదే ఇస్తాడు.

పరీక్ష చేయించలేకపోతే కళ్లతోనే కొంత పట్టుకోవచ్చు. తెల్ల గచ్చు మీద, తెల్ల బకెట్లో నీలం ఆకుపచ్చ మరక పడుతోందా? పడుతుంటే రాగి కరుగుతోందని గుర్తు. మరక ఎక్కడినుంచి మొదలైందో చూడాలి.

ఇంట్లో చేయగలిగినవి

రోజూ స్నానాలయ్యాక కొన్ని నీళ్లు మిగిలితే పరవాలేదు, మర్నాడు మళ్లీ వాడేదే కదా. పొద్దున్నే ఆ పాత నీళ్లు తీసేసి కొత్త నీళ్లు పోయడం మేలు. వారానికి ఒకసారి బాయిలరును వంచి అడుగు నీళ్లన్నీ పారబోయాలి. ఆ నీళ్లను తెల్ల గుడ్డలో వడకట్టి చూస్తే ఎంత ఇసుక, ఎంత రజను వస్తోందో తెలుస్తుంది. ఎక్కువ వస్తుంటే పోసేటప్పుడే గుడ్డ కట్టి పోయాలి.

మూల పెట్టే ముందు మాత్రం ఒక్క చుక్క కూడా ఉంచకూడదు. నీళ్లు వంచి, కుళాయి తెరిచి, ఎండలో బోర్లించి పూర్తిగా ఆరాక పెట్టాలి. లోపల బూడిద దులపాలి. ఎండిన రాగికి ఈ జబ్బు రాదు.

తోమడం దగ్గర చాలామంది పొరపాటు పడతారు. బయట చింతపండు, ఉప్పు వేసి తోమితే అందంగా ఉంటుంది. తోముకోవచ్చు. తోమాక బాగా కడగాలి. లోపల మాత్రం వారం వారం చింతపండు పెట్టి మెరిపించకూడదు. ఆ ఎర్రమట్టి రంగు పొరే దాన్ని కాపాడుతోంది. దాన్ని తీసేస్తే రాగి మళ్లీ మొదటినుంచి పొర కట్టుకోవాలి. ఇటుకపొడి, ఇసుక, స్టీలు పీచు పెట్టి లోపల గీకితే రేకు పలచబడుతుంది.

గార మందంగా పడితే అప్పుడు తీయాల్సిందే. నిమ్మరసమో, చింతపండు పులుసో గోరువెచ్చని నీళ్లలో కలిపి గంటసేపు ఉంచి, మెత్తని పీచుతో రుద్ది, మూడు నాలుగు సార్లు కడగాలి. ఏడాదికి ఒకటి రెండు సార్లు చాలు. మరుగుదొడ్డి కడిగే యాసిడ్ జోలికి పోకూడదు. గారతో పాటు రాగిని కూడా అది పాడుచేస్తుంది. బ్లీచింగ్ పౌడరు ఎక్కువ కలిపిన నీళ్లు కూడా బాయిలరులో నిలవ ఉంచకూడదు.

నీళ్లు లేకుండా నిప్పు వేయకూడదు. టంకం రాగికంటే చాలా తక్కువ వేడికే కరుగుతుంది. అతుకులు ఊడిపోతాయి. మూత కూడా ఆవిరి పోకుండా గట్టిగా బిగించకూడదు. ఆవిరికి దారి లేకపోతే పేలుతుంది.

గీజరుకు వేడి ఎంతలో ఉంచాలో తిప్పే మీట ఉంటుంది. ఇంట్లో స్నానానికి 50 డిగ్రీలు చాలు. చివరిదాకా తిప్పి ఉంచితే కరెంటూ ఎక్కువే, గారా ఎక్కువే. ఆసుపత్రుల సంగతి వేరు. అక్కడ పెద్ద ట్యాంకుల్లో నీళ్లు 60 డిగ్రీల దగ్గర ఉంచుతారు. చల్లగా ఉంటే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లీజియోనెల్లా అనే క్రిమి పెరుగుతుంది. ఆసుపత్రిలో ఆయాగా పనిచేసేవాళ్లు ఆ మీటను తమంతట తాము తగ్గించకూడదు.

ఇంట్లో ఇనప గొట్టం, రాగి గొట్టం రెండూ ఉంటే నీళ్లు ముందు ఇనుములో పారి, తర్వాత రాగిలోకి రావాలి. ముందు రాగిలో పారితే కరిగిన రాగి ఇనుములోకి పోయి దాన్ని గుంటలు పెడుతుంది. సిల్వరు గిన్నెలకూ ఇదే గతి. సిల్వరు అని పిలుస్తాం గానీ అది అల్యూమినియం. రాగి బాయిలరు నీళ్లు రోజూ సిల్వరు బకెట్లో పట్టి ఉంచితే బకెట్టుకు చుక్కచుక్కగా చిల్లులు పడతాయి. బకెట్ నాసిరకమని అంగడివాణ్ణి తిడతారు. పాపం, వాడి తప్పు లేదు.

ఎసట్లోకి ఆ నీళ్లు వద్దు

గ్యాసు ఆదా అవుతుందని బాయిలరు వేడినీళ్లు ఎసట్లో పోసేవాళ్లున్నారు. చంటిపిల్లల పాలపొడి కలిపేవాళ్లూ ఉన్నారు. ఇది మానాలి. చన్నీళ్ల కంటే వేడినీళ్లలో రాగి ఎక్కువ కరుగుతుంది. రాత్రంతా నిలిచిన నీళ్లలో ఇంకా ఎక్కువ. కొంచెం రాగి ఒంటికి కావాల్సిందే. ఎక్కువైతే నోరు చేదెక్కుతుంది, కడుపులో తిప్పుతుంది, వాంతులవుతాయి. తాగే నీళ్లలో రాగి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశపు ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క 2 మిల్లీగ్రాములు.

ఇంకో భయం సీసం. పాత టంకంలో తగరంతో పాటు సీసం కలిపేవారు. సీసం పిల్లల మెదడుకు చేటు. అమెరికాలో తాగునీటి గొట్టాలకు సీసం టంకం వాడకూడదని 1986లో చట్టం చేశారు. బాయిలరుకు ఏ టంకం పెట్టారో ఇంటివాళ్లకు తెలియదు. కాబట్టి అందులోని నీళ్లు ఒంటికే, నోటికి వద్దు.

చిల్లు పడ్డాక

ముందు నిప్పు ఆర్పాలి. గొట్టమైతే నీళ్లు కట్టేయాలి. బెజ్జం మీద సైకిలు ట్యూబు ముక్క చుట్టి గట్టిగా బిగిస్తే పనివాడు వచ్చేదాకా ఆగుతుంది. అంతకంటే ఎక్కువ నమ్మకూడదు.

చుక్కే కదా అని వదిలేస్తే నష్టం ఎంతో లెక్క కట్టి చూడాలి. కారే చోట ఒక గ్లాసు పెట్టాలి. గ్లాసుకు 200 మిల్లీలీటర్లు పడతాయనుకుందాం. గంటకు ఒక గ్లాసు నిండితే రోజుకు 24 గ్లాసులు. అంటే దాదాపు 5 లీటర్లు. నెలకు 150 లీటర్లు. అవి కాచిన నీళ్లు. పుల్లలో, కరెంటో కూడా వాటితోనే పోతుంది. గోడలో గొట్టమైతే గోడ నానుతుంది.

మాటు వేయించిన ప్రతిసారీ క్యాలెండరు మీద తేదీ రాయాలి. పక్కనే ఎక్కడ కారిందో ఒక్క మాట రాయాలి. "అడుగున", "నడుమ గొట్టం", "కుళాయి అతుకు" అని. అతుకు దగ్గర ఒక్కసారే కారితే అది పని లోపం. మళ్లీ అతికిస్తే సరిపోతుంది. అడుగున ఒకసారి పడితే మాటు వేయించవచ్చు. ఏడాదిలో మూడు చోట్ల రాయాల్సి వచ్చిందంటే లోపల ఇంకా చాలా గుంటలు బయటపడటానికి సిద్ధంగా ఉన్నాయి. అప్పుడు మాట్లకు పెట్టే డబ్బు దండగ. నడుమ గొట్టం మొత్తం మార్పించడం మేలు. మిగతా బాయిలరు గట్టిగా ఉంటే కొత్తది కొననక్కరలేదు. తీసేసిన పాత రాగిని పనివాడికి ఊరికే వదలకూడదు. పాత రాగికి తూకం మీద డబ్బులొస్తాయి. ముందు తూచాక, ఆ అంకె కూడా రాసుకుని, అప్పుడు కూలి మాట్లాడాలి.

కరెంటు రాడ్డు

దీని లోపల సన్నని తీగ చుట్ట ఉంటుంది. తీగకే కరెంటు వస్తుంది. తీగ చుట్టూ తెల్లని పొడి నింపి, పైన రాగి గొట్టం తొడుగుతారు. కొన్నిటికి రాగి మీద తెల్లని పూత ఉంటుంది. వేడి బయటికి వస్తుంది, కరెంటు రాదు. గొట్టానికి సూది బెజ్జం పడితే నీళ్లు లోపలికి పోతాయి. పొడి తడుస్తుంది. తడిసిన పొడి కరెంటును ఆపలేదు. నీళ్లలోకి కరెంటు వస్తుంది. నీళ్లు వేడెక్కాయా అని చెయ్యి పెట్టిన మనిషి చనిపోవచ్చు. మన ఇళ్లల్లో నీళ్లు కాగాయో లేదో వేలు పెట్టి చూసేది ఎక్కువగా ఆడవాళ్లే.

బెజ్జం కారదు గనక కంటికి కనపడదు. గుర్తులు వేరు. రాడ్డు మీద ఆకుపచ్చ పొక్కులు, నల్లగా కాలిన మచ్చ, ఉబ్బు, పగులు కనిపిస్తే అనుమానించాలి. ముట్టుకుంటే జిల్లుమన్నా, రాడ్డు పెట్టగానే ఫ్యూజు పోయినా, మీట దానంతట అదే పడిపోయినా రాడ్డు పని అయిపోయినట్టే. మీట పడిందని మళ్లీ మళ్లీ పైకి లేపకూడదు. ఆ మీట ప్రాణం కాపాడింది.

రాడ్డు నీళ్లలో పెట్టాకే స్విచ్ వేయాలి. గీత గుర్తు మునిగేంత నీళ్లుండాలి. నీళ్లు లేకుండా వేస్తే గొట్టం చిట్లుతుంది. ఇనప బకెట్లో, రాగి గంగాళంలో పెట్టకూడదు. మూడు పుల్లల ప్లగ్గే వాడాలి. మూడో పుల్ల ఎర్తుది. దాన్ని విరిచి రెండు పుల్లల రంధ్రంలో పెట్టేవాళ్లున్నారు. ఇంటికి ఎర్త్ ఉందో లేదో కరెంటు పనివాడితో చూపించాలి. కరెంటు కారితే వెంటనే ఆపే పెట్టె ఒకటి దొరుకుతుంది. 30 మిల్లీఆంపియర్లదని అడిగి తీసుకోవాలి. చెయ్యి పెట్టే ముందు స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్గు పీకాలి. ప్లగ్గు పీకాక కాసేపు ఆగి రాడ్డు తీయాలి. పిల్లలు ఆ దరిదాపుల్లో ఉండకూడదు.

బాయిలరుకు మాటు ఉంది. రాడ్డుకు మాటు లేదు. టంకం పెట్టినా, జిగురు పూసినా లోపలి పొడి తడిగానే ఉంటుంది. అనుమానం వచ్చిన రాడ్డును అటక మీద దాచకూడదు. ఎవరో తీసి మళ్లీ వాడతారు. ప్లగ్గు గోడనుంచి పీకి, వైరు కత్తిరించి, అప్పుడు పాత సామాన్ల వాడికి వేయాలి.